నలుగురికి మించితే అది ట్రెక్కింగ్ కాదు, ఊరేగింపు

పోయిన వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పోస్టర్ పెట్టారు. పాడేరు దగ్గర మేఘాల కొండకి వీకెండ్ ట్రెక్కు, వైజాగ్ నించి రానుపోను బస్సు, టెంటు, క్యాంప్ ఫైరు, డీజే, ఆఖర్న ఎర్రక్షరాల్తో "45 సీట్లు మాత్రమే". ఆ "మాత్రమే" చూసి నవ్వాపుకోలేకపోయాను. కింద అప్పటికే పదకొండు మంది బొటనవేలు ఎత్తేశారు, మా పై ఫ్లోర్ ఆంటీతో సహా.

నేను జనానికి వ్యతిరేకిని కాదు, ముందే చెప్తున్నా. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ ఇప్పటికి ఆరుసార్లు చేశా, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి 32 కిలోమీటర్లు కొండ చుట్టూ, లక్షల మంది మధ్యలో, కాళ్ళు బొబ్బలెక్కి తెల్లారి ఇంటికొచ్చి పడిపోవడం. అక్కడ జనమే మజా. కానీ అక్కడ కింద తార్రోడ్డు ఉంది, అడుగడుక్కీ మజ్జిగ పోసేవాళ్ళున్నారు, పులిహోర పెట్టేవాళ్ళున్నారు, మెడికల్ క్యాంపులున్నాయి, కళ్ళు తిరిగి పడిపోతే పది చేతులు పట్టుకుంటాయి. అడవిలో అవేవీ లేవు కదా. అడవికి మనం తీసుకెళ్ళే ఏర్పాటు మన పక్కన నడిచే మనిషే, ఇంకేం లేదు.

అందుకే నా వాదన ఏంటంటే, కొండకి నలుగురు వెళ్ళాలి. ముగ్గురు తక్కువ, ఆరుగురు ఎక్కువ, అయిదుగురంటే సరే, కార్లో సర్దుకుందాం.

ఇది నేను కనిపెట్టిన లెక్క కాదు, కొండలెక్కడం నేర్పేవాళ్ళు ఎప్పట్నించో చెప్పేదే. ఒకడికి దెబ్బ తగిలితే వాడి దగ్గర ఒకడు ఉండాలి, మిగతా ఇద్దరూ సాయం కోసం కిందకెళ్ళాలి. ఆ ఇద్దరెందుకంటే ఒక్కణ్ణే పంపితే, కంగార్లో వాడు దారి తప్పితే ఇక ఇద్దర్ని వెతుక్కోవాలి. అంతే, ఇందులో రాకెట్ సైన్సు ఏం లేదు. ఇప్పుడు అందరూ "సోలో ట్రెక్" అంటున్నారు, సోలో అంటే దెబ్బ తగిలినవాడూ వాడే, పక్కన కూర్చునేవాడూ వాడే, సాయానికి వెళ్ళేవాడూ వాడేనన్నమాట. ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ కూడా 2014లో ఒంటరిగా ఎక్కలేదు, ఆ పిల్లతో పాటు ఖమ్మం కుర్రాడు ఆనంద్ ఎక్కాడు, షెర్పాలున్నారు. పదమూడేళ్ళ పిల్లకి ఉన్న బుద్ధి మనకెందుకుండదో.

సరే, ఎక్కువైతే వచ్చే నష్టం ఏంటి అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. దానికి నా దగ్గర ఒక కథ ఉంది.

మూడేళ్ళ కిందట డిసెంబర్‌లో నేనూ ఇలాంటి పోస్టరే చూసి డబ్బులు కట్టా. ఎవరు పెట్టారో పేరు వద్దులెండి, ఇప్పుడు అలాంటోళ్ళు వీధికొకరున్నారు. మద్దిలపాలెం దగ్గర రాత్రి పది గంటలకి బస్సెక్కాం, 38 మందిమి. పాడేరు ఘాట్ ఎక్కేటప్పటికి సగం మంది కిటికీల్లోంచి తలలు బయట పెట్టారు, మలుపుల దెబ్బకి. రెండున్నరకి కొండ కింద దింపారు. అప్పటికే అక్కడ బళ్ళు, బస్సులు, టీ కొట్లు, మ్యాగీ కొట్లు, చలిమంటలు, ఇదంతా చూసి నాకు అడవిలోకి వచ్చానో ఆర్కే బీచ్‌కి వచ్చానో అర్థం కాలేదు. చీకట్లో సెల్ లైట్ల లైను కొండ మీదాకా, ముందువాడి చెప్పుల వాసన చూస్తూ ఎక్కడమే. మా బ్యాచ్‌లో ఇద్దరు వీపుకి స్పీకర్లు తగిలించుకున్నారు, ఇద్దరివీ వేరే వేరే పాటలు.

పైకెళ్ళాక మేఘాలు మాత్రం నిజంగా బాగున్నాయి, అబద్ధం ఎందుకు. అవి మేఘాలంటాం గానీ పొగమంచే. డిసెంబర్ రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల గబగబా చల్లబడిపోతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి, కొండ వాలు మీంచి అచ్చం గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళలాగే కిందకి జారి లోయలో నిలబడిపోతుంది, అందులో తేమంతా మంచవుతుంది. దాని మీద వెచ్చటి గాలి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. మనం ఆ మూత పైన నిలబడతాం కాబట్టి కింద పాల సముద్రం కనబడుతుంది, ఎండెక్కగానే మూత చెదిరి మంచు లేచిపోతుంది, ఎనిమిదీ తొమ్మిదయ్యేటప్పటికి ఖాళీ. ఇంత చక్కటి విషయం కళ్ళ ముందు జరుగుతుంటే మా వెనక ఒకడు "బ్రో జరుగు, రీల్ తీస్తున్నా" అన్నాడు. జరిగాను. ఆ జరగడంలో మ్యాగీ ప్లేట్లు కాళ్ళ కింద పటపటమన్నాయి.

అసలు కథ ఇది కాదు. దిగొచ్చాక బస్సు దగ్గర లెక్కపెడితే 37. మళ్ళీ లెక్కపెట్టారు, 37. ఒకడు తగ్గాడు. ఎవరు తగ్గారో చెప్పగలిగినవాడు బస్సు మొత్తంలో ఒక్కడూ లేడు! రాత్రంతా పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేశాం, ఒకే దారిలో ఎక్కాం, నా పక్క సీట్లో ఉన్నతని పేరు కూడా నాకు తెలీదు. ఆర్గనైజర్ కుర్రాడు ఫోన్లో లిస్టు తీసి స్కూల్లో హాజరు వేసినట్టు ఒక్కో పేరూ పిలుస్తుంటే సిగ్నల్ లేక ఆ లిస్టు సగమే తెరుచుకుంది. నలభై నిమిషాలు అందరం నిలబడ్డాం. చివరికి తేలిందేంటంటే ఆ అబ్బాయి పైన ఎవరో కాలేజీ ఫ్రెండ్స్ కనబడితే వాళ్ళ బైక్ మీద దిగి అరకు వెళ్ళిపోయాడు. క్షేమంగానే ఉన్నాడు, బొంగు చికెన్ తింటున్నాడట. కానీ ఆ నలభై నిమిషాలూ నాకు పట్టిన చెమట ఎండవల్ల కాదు. వాడు నిజంగా ఏ లోయలోనో పడుంటే, వాడు చివరగా ఎక్కడ కనబడ్డాడు, ఏ రంగు చొక్కా వేసుకున్నాడు, ఒక్కరికైనా తెలుసా?

నలుగురైతే ఈ బాధ ఉండదు. ఒకడు వెనకబడితే మాటలో గొంతు తగ్గుతుంది, చెవికే తెలిసిపోతుంది, లెక్కపెట్టక్కర్లేదు.

గొంతు అంటే గుర్తొచ్చింది, జంతువుల సంగతి. వైజాగ్ వాళ్ళకి అడవంటే ఎక్కడో అనుకుంటారు గానీ కంబాలకొండ మన హైవే పక్కనే, జూకి ఆనుకునే ఉంది, సుమారు 71 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం, అందులో చిరుతలున్నాయి. 2022లో అయితే పెద్దపులే కాకినాడ జిల్లా మీంచి అనకాపల్లి వైపు వచ్చి జనాన్ని వారాల తరబడి ఇంట్లో కూర్చోబెట్టింది. చిరుత సాధారణంగా మనిషి అలికిడికే పక్కకి తప్పుకుంటుంది. మన కొండల్లో నాకు భయం ఎలుగుబంటి అంటేనే. దానికి చూపు అంతంతమాత్రం, పని అంతా ముక్కుతోనే, చెదపుట్ట తవ్వుకుని గోలగోలగా పీల్చుకుంటున్నప్పుడు మనం దగ్గరికొచ్చేసిన సంగతి దానికి తెలీదు, తెలిసేసరికి అదిరిపడి మీద పడుతుంది. అందుకని తుప్పల్లో, మలుపుల్లో మామూలుగా మాట్లాడుకుంటూ నడవాలి. నలుగురు మాట్లాడుకుంటే సరిపోతుంది. స్పీకర్ పెడితే ఇంకా మంచిది కదా అంటారు కొందరు. కాదు, స్పీకర్ పెడితే అది మనల్ని వింటుందేమో గానీ మనం దాన్ని వినం. తుప్పలో గుర్రుమన్న చప్పుడు, పక్క గెడ్డలో నీళ్ళ చప్పుడు ఉన్నట్టుండి పెరగడం, ఎండుటాకుల్లో రక్తపింజర బుసకొట్టడం, ఇవన్నీ చెవితో పట్టుకోవాల్సినవే. పింజర పారిపోదు, ఉన్నచోటే చుట్టుకుని ప్రెషర్ కుక్కర్‌లా బుస్సుమంటుంది, అది మనకిచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికని డీజేలో కలిపేసుకున్నవాడికి ఎవరేం చెప్తాం.

ఇక ఆ నలుగురెవరు అన్నది అసలు తలనొప్పి. మా నలుగురి గురించి చెప్తా. నేను, మా బావ, మాస్టారు, చిన్నోడు. బావ అంటే మా అక్క మొగుడు, గాజువాకలో హార్డ్‌వేర్ షాపు, తొంభై కిలోలు, పది అడుగులకోసారి చెట్టుని పట్టుకుని "వ్యూ బాగుంది రా" అంటాడు, ఎదురుగా చూస్తే బండరాయి తప్ప ఏం ఉండదు. మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్తారు, మ్యాపు లేకుండా బాత్రూమ్‌కి కూడా వెళ్ళరు. చిన్నోడు ఇరవై నాలుగేళ్ళవాడు, నా కొలీగు, ఎప్పుడూ అందరికన్నా ముందు పరిగెడతాడు, వాచీలో అడుగులు లెక్కపెట్టుకుంటాడు.

మాస్టారుకి ఒక ఫార్ములా ఉంది. 1892లో స్కాట్లాండ్‌లో నైస్మిత్ అనే ఆయన చెప్పాడట, అయిదు కిలోమీటర్లకి ఒక గంట, పైగా ఆరొందల మీటర్ల ఎత్తుకి ఇంకో గంట వేసుకోవాలని. మేం వెళ్ళే కొండ ఎక్కడానికి ఆరు కిలోమీటర్లు, ఎత్తు సుమారు ఆరొందలు, అంటే రెండుంపావు గంటలు. మాకు నాలుగున్నర పట్టింది. మాస్టారు ఆ తేడాకి "బావ గుణకం" అని పేరు పెట్టారు, రెండుతో గుణించాలి. మీరు నవ్వుకోండి గానీ ఇప్పటికీ మేం అలాగే ప్లాన్ చేస్తాం, అందరికన్నా నెమ్మదిగా నడిచేవాడి లెక్కలో. చిన్నోడి లెక్కలో ప్లాన్ చేసిన రోజు ఏమైందో చెప్తా వినండి.

పోయిన సంవత్సరం ఫిబ్రవరి. పాడేరు అవతల ఒక ఊరు, పేరు రాయను, రాస్తే వచ్చే వారం అక్కడా బస్సు దిగుతుంది. పదిహేను ఇళ్ళు, చుట్టూ సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు, చెట్లకి మిరియాల తీగలు. అంతకు ముందు రెండుసార్లు వెళ్ళాం, ఆ రెండుసార్లూ ఊళ్ళో ఒక పెద్దాయన మాతో వచ్చాడు, మేం బాబాయ్ అంటాం. మూడోసారి చిన్నోడు "దారి మనకి తెలుసుగా అన్నా, ఆయనకి మళ్ళీ డబ్బులెందుకు, పైగా ఆయన కోసం ఆగాలి" అన్నాడు. దారి నిజంగానే తెలుసు. అందుకని ఊళ్ళోకి కూడా వెళ్ళకుండా చెరువు గట్టు మీంచి అడ్డదారిన ఎక్కేశాం. ఎక్కడం సుఖంగా అయింది. దిగేటప్పుడు మూడున్నరకి, ఎర్రమట్టి మీద సన్నటి గులకరాళ్ళు ఉంటాయి చూడండి, గోళీల మీద అడుగేసినట్టు జారేవి, అక్కడ చిన్నోడు పరిగెడుతూ దిగి కాలు మడత పెట్టేశాడు. టప్‌మని శబ్దం నాకు ఇరవై అడుగుల వెనక వినబడింది.

బూటు తియ్యబోయాడు, మాస్టారు ఆపారు. లేసులు వదులు చేసి అలాగే ఉంచాం, తీస్తే ఆ వాపుకి మళ్ళీ ఎక్కదు. క్రేప్ బ్యాండేజి బూటు మీంచే చుట్టాం. ఇద్దరి భుజాల మీద చేతులు వేయించి నిలబెడితే నాలుగడుగులకి మొహం తెల్లగా పాలిపోయింది. సిగ్నల్ లేదు. ఇక నా నలుగురి లెక్క బయటికి తీశాం, చిన్నోడు దెబ్బ తగిలినవాడు, బావ పక్కన ఉంటాడు, నేనూ మాస్టారూ కిందకి. లెక్క ప్రకారం అంతా కరెక్టే. బావ అప్పటికే చొక్కా మడిచి వాడి కాలు కింద ఎత్తు పెట్టి, బ్యాగ్‌లోంచి చేగోడీలు తీసి, చీటీ ఎగ్గొట్టిన తన షాపు పక్కాయన కథ మొదలెట్టాడు. ఆ కథ సంగతి మాకందరికీ తెలుసు, చివరిదాకా ఎవరం వినలేదు గానీ గంటన్నరకి తక్కువ ఉండదు. ఆ రోజు మొదటిసారి ఆ కథ పొడుగు చూసి నాకు ధైర్యమొచ్చింది.

మేం ఊరు చేరేసరికి అయిదు దాటింది. బాబాయ్ గుమ్మం ముందు కూర్చుని చీపురుపుల్లలు కట్టుకుంటున్నాడు. మమ్మల్ని చూసి మొదట అడిగిన మాట, "ఎంతమంది ఎక్కారు?" నలుగురం అన్నాను. "పొద్దున్న నాకు చెప్పలేదేటి?" అన్నాడు, అంతే, కోపంగా కూడా కాదు. లేచి రెండు ఇళ్ళ ముందు కేకేశాడు. పావుగంటలో నలుగురు కుర్రాళ్ళు, ఒక వెదురు గెడ, ఒక దుప్పటి, రెండు తాళ్ళు.

డోలీ కట్టడం నేను పేపర్లో ఫొటోల్లోనే చూశా, ఏజెన్సీలో గర్భిణిని డోలీలో మోశారు అని వార్త వస్తుంటుంది కదా, వానాకాలంలో మరీను. దగ్గర్నించి చూడటం అదే. దుప్పటి రెండు చివర్లూ గెడకి ముడేసి, ముడి మీద తాడు మూడు చుట్లు తిప్పి, మధ్యలో ఒక అడ్డం కట్టు, మొత్తం రెండు నిమిషాలు. ముడి వేసిన కుర్రాడు దాని మీద తనే ఒకసారి వేలాడి చూసుకున్నాడు. చిన్నోణ్ణి అందులో పెట్టారు. ముందొకడు, వెనకొకడు, భుజం మీద తువ్వాలు మడత, కాళ్ళకి చెప్పుల్లేవు. మిగతా ఇద్దరూ పక్కన ఊరికే నడుస్తారు. కాసేపటికి ముందువాడు నోటితో చిన్న శబ్దం చేశాడు, అంతే, నడక ఆగకుండానే పక్కవాడు గెడ కింద భుజం దూర్చాడు, మొదటివాడు పక్కకి తప్పుకున్నాడు. డోలీ ఒక్క కుదుపు కూడా కుదపలేదు. ఏ గులకరాళ్ళ మీద మావాడు జారాడో వాటి మీంచే, టార్చి వెలుగులో, వట్టి కాళ్ళతో.

సగం దారిలో నాకు సిగ్గేసి, మేమూ పడతాం అన్నా. వాళ్ళు నవ్వి ఇచ్చారు. నేను ముందు, బావ వెనక. పదిహేనడుగులు వేశానేమో. గెడ భుజంలోకి దిగిపోయింది, ఇద్దరి అడుగూ కలవక డోలీ ఉయ్యాలలా ఊగిపోయింది, లోపల్నించి చిన్నోడు "అన్నా వద్దు అన్నా, ప్లీజ్" అన్నాడు. మాస్టారు మూడోవాడుగా వెనక పట్టుకుందామని వచ్చి నా కాలే తొక్కారు. దించేశాం.

ఇన్నేళ్ళుగా నేను అందరికీ చెప్పుకు తిరుగుతున్న లెక్కలో రంధ్రం నాకు అక్కడ కనబడింది. ఒకడికి దెబ్బ, ఒకడు కాపలా, ఇద్దరు సాయానికి, బాగానే ఉంది, కానీ ఆ ఇద్దరూ వెళ్ళి తెచ్చే సాయం ఎవరు? ఆ లెక్క పని చెయ్యాలంటే కొండ కింద ఇంకో నలుగురుండాలి, వాళ్ళకి మనం ఎక్కామని తెలిసుండాలి. నేను ఆ నలుగుర్ని ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు, పైగా మూడొందలో అయిదొందలో మిగులుతుందని వాళ్ళ గుమ్మం తప్పించుకుని చెరువు గట్టు మీంచి పోయాను. బస్సులో 38 మంది పక్కవాడి పేరు తెలీకుండా కూర్చున్నారని వెక్కిరించినవాణ్ణి, ఆ డోలీ మోసిన కుర్రాళ్ళ పేర్లు నేను కొండ దిగాక అడిగాను.

రోడ్డు ఉన్నచోటికి చేర్చేసరికి ఎనిమిదయింది. ఆ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు కాలిబాటే, అంబులెన్సు రాదు, బైకుకి తొట్టి తగిలించిన ఫీడర్ అంబులెన్సు కూడా ఆ రాళ్ళల్లో ఎక్కదట. పోయిన వానల్లో అదే గెడ మీద నొప్పులు పడుతున్న ఒకామెని మోశామని వెనక నడిచిన కుర్రాడు చెప్పాడు, గెడ్డ పొంగి మధ్యలో రెండు గంటలు ఆగాల్సొచ్చిందట. పిల్ల పుట్టింది, బాగుంది. మేం అడ్వెంచర్ అని వెళ్ళే బాట వాళ్ళకి ఆసుపత్రి రోడ్డు. దీని మీద ఇంకో పోస్టు రాయాలి, ఇక్కడ కలిపితే తెగదు.

డబ్బులిస్తే మొదట తీసుకోలేదు, తర్వాత బాబాయ్ కల్పించుకుని "తీసుకోండిరా, గెడ పాడైపోనాది" అన్నాడు. గెడకి ఏం కాలేదు. చిన్నోడికి పాడేరులో ఎక్స్‌రే తీస్తే సన్న పగులు, ఆరు వారాలు కట్టు. బావ చీటీ కథ మొత్తం విని, చివరికి డబ్బులు వచ్చాయో లేదో తెలిసిన ఏకైక మనిషి ఇప్పుడు వాడే.

కాబట్టి నా మాట ఇప్పటికీ నలుగురే, కాకపోతే ఎక్కే నలుగురూ, కింద తెలిసిన నలుగురూ. 45 మంది వెళ్తే కింద ఊళ్ళో ఏం చెప్తారు? పదిహేను ఇళ్ళ ఊరది, 45 మందిని ఎవరు గుర్తు పెట్టుకుంటారు, ఎవరు మోస్తారు, అన్నీ వదిలేసినా ఆ ఊరి నుయ్యిలో 45 మందికి నీళ్ళుండాలి కదా. గైడుకి ఇచ్చే డబ్బులు దారి చూపించినందుకని అనుకుంటాం. దారి గూగుల్ కూడా చూపిస్తుంది. సాయంత్రం అయిదింటికి మనం దిగకపోతే ఒక మనిషి గుమ్మంలోంచి లేచి కొండ వైపు చూస్తాడు, ఆ చూడ్డానికి ఇస్తున్నాం.

మొన్న నవంబర్‌లో మళ్ళీ వెళ్ళాం. ఎక్కేటప్పుడు చిన్నోడు ఈసారి బావ వెనక నడిచాడు, నడవలేక కాదు, బావే ముందు నడవమన్నా నడవలేదు. కోళ్ళకి జబ్బు చేసి బాబాయ్ రాలేదు గానీ, వాళ్ళ రెండో అబ్బాయిని పంపాడు. ఎక్కేముందు వాళ్ళింట్లో చోడంబలి, అదే రాగి అంబలి, తాగాం, ఉల్లిపాయ కొరుక్కుంటూ. నాలుగున్నరకి దిగాం. బాబాయ్ పాక దగ్గర నిలబడి, మేం ఒక్కొక్కళ్ళం కంచె దాటుతుంటే చిటికెన వేలు నించి ఒక్కోటీ ముడుస్తున్నాడు. చిన్నోడు, మాస్టారు, నేను. నాలుగో వేలు ముడవకుండా చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు, బావ ఇంకా పైన మలుపులో ఏదో చెట్టుని పట్టుకుని వ్యూ చూస్తున్నాడు.